సబ్‌నాటికాలో ప్రమాద జోన్లు: ముందు ఏం తగ్గుతోందో చూడండి

మీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి చదివేవాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. మీరు సబ్‌నాటికా, అంటే వేరే గ్రహం మీది సముద్రంలో బతికి బయటపడే ఆట, మొదటిసారి ఆడుతున్నారు, సర్వైవల్ మోడ్‌లో. కూలిపోయిన మీ ఓడ అరోరా పేలిన తర్వాత రేడియేషన్ సూట్ చేసుకుని దాని దగ్గరకు వెళ్లారు. సూట్ వేసుకున్నా హెల్త్ తగ్గుతూనే ఉంది. సీమాత్ (చిన్న జలాంతర్గామి) 200 మీటర్లు దాటగానే దెబ్బతింటోంది, అదే లోతులో మీరు బయటికి దిగి ఈదితే ఒంటికి ఏమీ కావట్లేదు. కొంచెం లోతులో కట్టిన బేస్‌లోకి నీళ్లొచ్చాయి. కింద వేడి నీళ్లు, ఆకుపచ్చ నీళ్లు, మ్యాప్ అంచు లాంటి వాటి గురించి విన్నారు, వెళ్లాలంటే టెన్షన్‌గా ఉంది. ఈ జోన్లన్నీ ఒకే పద్ధతిలో పనిచేస్తాయా, దేనికది వేరా అని అడిగారు. చివర్లో దీని తర్వాతి ఆట బిలో జీరో గురించి కూడా అడిగారు.

దేనికది వేరు. మీ ఇబ్బందులన్నిటికీ మూలం అక్కడే ఉంది.

మనలో చాలామంది బీజీఎంఐ ఆడి ఇటు వస్తారు. అక్కడ జోన్ అంటే ఒక గీత. గీత లోపల ఉంటే క్షేమం, బయట ఉంటే హెల్త్ తగ్గుతుంది, ఆట ముందుకు పోయేకొద్దీ ఆ దెబ్బ పెరుగుతుంది. అందరికీ అదే రూలు, తప్పించుకోవడానికి పరుగెత్తడం ఒక్కటే దారి. సబ్‌నాటికాలో జోన్ మీ వెంట పడదు. అది ఉన్న చోటే ఉంటుంది, మీరే దాని లోపలికి వెళ్తారు. పైగా ఒక్కో జోన్ ఒక్కో దాని మీద దెబ్బ కొడుతుంది. ఒకటి ఒంటి మీద, ఒకటి ఊపిరి మీద, ఒకటి బండి మీద, ఇంకొకటి బ్యాటరీ మీద. ఏదైనా కొత్త చోట స్క్రీన్ మీద ఎర్ర రంగు కనిపించగానే వెనక్కి తిరిగే ముందు ఒక్క క్షణం గమనించండి: తగ్గుతున్నది హెల్తా, ఆక్సిజనా, సీమాత్ హెల్తా, పవరా? దానికి జవాబు దొరికితే ఏ వస్తువు చేసుకోవాలో కూడా దొరికినట్టే.

ముందు అరోరా సంగతి, మీ అసలు ఇబ్బంది అదే కాబట్టి.

ఆట మొదలైన కాసేపటికి అరోరా డ్రైవ్ కోర్ పేలుతుంది. అప్పటి నుంచి ఓడ చుట్టూ రేడియేషన్ వ్యాపిస్తుంది. మీరు మొదలైన లైఫ్‌పాడ్ దగ్గర, సేఫ్ షాలోస్ అనే లోతు తక్కువ నీళ్లలో తిరిగినంతసేపు అది తగలదు. ఓడ వైపు ఈదేకొద్దీ తగులుతుంది, కోర్‌కి దగ్గరయ్యేకొద్దీ తీవ్రత పెరుగుతుంది. పొయ్యి దగ్గరకు చెయ్యి పెట్టినట్టే, ఎంత దగ్గరైతే అంత వేడి. అందుకే జోన్ అంచులో నిలబడి "సూట్ లేకపోయినా బాగానే ఉందే" అనుకున్నవాళ్లు ఓడ పక్కకు చేరేసరికి చచ్చిపోతుంటారు.

ఇప్పుడు మీ సూట్. వస్తువులు తయారుచేసే ఫ్యాబ్రికేటర్‌లో రేడియేషన్ సూట్ ఒక్కసారి చేస్తే మూడు వస్తువులు వస్తాయి: సూటు, హెల్మెట్, గ్లవ్స్. దీనికి రెండు ఫైబర్ మెష్, రెండు సీసం కావాలి. ఫైబర్ మెష్ క్రీప్‌వైన్ అనే సముద్రపు మొక్క ముక్కల నుంచి వస్తుంది. సీసం సాండ్‌స్టోన్ పగలగొడితే దొరుకుతుంది. ఈ మూడు వస్తువులూ తలా కొంత రేడియేషన్‌ని ఆపుతాయి. మూడూ ఒంటిమీద ఉంటేనే పూర్తి రక్షణ. రెండే ఉంటే దెబ్బ తగ్గుతుంది, ఆగదు. మీకు జరిగింది సరిగ్గా ఇదే అని నా అంచనా.

ఎందుకంటే లోతులో ఆక్సిజన్ ఆదా చేసే మాస్క్, రీబ్రీదర్, చేసుకున్నానని కూడా మీరు రాశారు. రీబ్రీదర్ కూడా తల స్లాట్‌లోనే కూర్చుంటుంది. అది అక్కడ ఉన్నంతవరకు రేడియేషన్ హెల్మెట్‌కి చోటు లేదు, కాబట్టి అది మీ ఇన్వెంటరీలో ఎక్కడో పడి ఉంటుంది. పీడీఏ (ఆటలో మీ చేతి కంప్యూటర్) తెరిచి ఇన్వెంటరీ పేజీలో మనిషి బొమ్మ ఉన్న వైపు చూడండి. తల దగ్గర ఏముంది, ఒంటి దగ్గర ఏముంది, చేతుల దగ్గర ఏముంది, మూడూ చూడండి. తల దగ్గర రీబ్రీదర్ ఉంటే తీసేసి హెల్మెట్ పెట్టండి. పెట్టింది సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి హెల్త్ తగ్గుతుందా అని చూస్తూ కూర్చోనక్కర్లేదు. రేడియేషన్ తగులుతున్నంతసేపు స్క్రీన్ మీద హెచ్చరిక కనిపిస్తుంది, బొమ్మ కూడా చెదురుతున్నట్టు ఉంటుంది. మూడూ సరిగ్గా పెట్టుకున్నాక ఆ హెచ్చరిక పోతుంది. ఇంకా కనిపిస్తోందంటే ఏదో ఒక వస్తువు పెట్టుకోలేదని అర్థం.

ఈ స్లాట్ల విషయం చాలామంది తేలిగ్గా తీసుకుంటారు కానీ, నా దృష్టిలో ఈ ఆట డిజైన్‌లో అన్నిటికంటే తెలివైన పని ఇదే. రేడియేషన్ నుంచి కాపాడే హెల్మెట్, లోతులో ఊపిరి మిగిల్చే రీబ్రీదర్, రెండూ ఒకే చోటు కోసం పోటీ పడతాయి. వేడి నుంచి కాపాడే రీన్‌ఫోర్స్‌డ్ డైవ్ సూట్ కూడా రేడియేషన్ సూట్ స్థానంలోనే కూర్చుంటుంది. అంటే అన్ని ప్రమాదాలనూ ఒకేసారి ఆపే వేషం ఈ ఆటలో లేదు. బయల్దేరే ముందే ఎక్కడికి వెళ్తున్నారో నిర్ణయించుకుని దానికి తగ్గట్టు తయారవ్వాలి. అరోరా చుట్టుపక్కల లోతుకు దిగాలనుకుంటే, హెల్మెట్ పెట్టుకుని ఆక్సిజన్ తొందరగా అయిపోవడాన్ని భరించాలి, లేదా ముందు రేడియేషన్‌నే ఆపేసి తర్వాత నింపాదిగా దిగాలి. నేనైతే రెండోదే చేయమంటాను.

రేడియేషన్‌ని ఆపడం అంటే ఓడ లోపలికి వెళ్లి డ్రైవ్ కోర్‌ను రిపేర్ చేయడం. దీనికి రిపేర్ టూల్ తప్పనిసరి. దారిలో మంటలుంటాయి కాబట్టి ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ కావాలి. కొన్ని తలుపులకు లేజర్ కట్టర్, అడ్డంగా పడి ఉన్న సామాను తొలగించడానికి ప్రొపల్షన్ క్యానన్ ఉంటే లోపల ఎక్కువ చూడగలరు. ఓడ ముక్కు వైపు చిరిగిపోయిన చోటి నుంచి ఎక్కండి. వెళ్లేటప్పుడు నీటి పైభాగంలోనే ఉండండి, ఓడ ముందూ వెనకా రీపర్ లెవియాథన్లు అనే భారీ వేట జంతువులు తిరుగుతుంటాయి. లోపల నడుస్తున్నా సూట్ తీయొద్దు, అక్కడ కూడా రేడియేషన్ ఉంటుంది. డ్రైవ్ గదిలో సగం నీళ్లుంటాయి. పగుళ్లు కొన్ని నీటి పైన, కొన్ని నీటి కింద. పైవి మాత్రమే పూడ్చి "అయిపోయింది" అనుకుని వచ్చేసేవాళ్లు ఎక్కువ. ఆ నీళ్లలో బ్లీడర్లు ఉంటాయి, చేతికి అతుక్కుని రక్తం పీలుస్తాయి. చిరాగ్గానే ఉంటుంది కానీ భయపడాల్సినంత కాదు. కోర్ చుట్టూ ఒక రౌండ్ నీటి కింద నుంచి కూడా తిరిగి, నిప్పురవ్వలు చిమ్ముతున్న చోటల్లా రిపేర్ టూల్ పెట్టండి. అన్నీ పూడ్చాక రేడియేషన్ వెంటనే మాయం కాదు, క్రమంగా తగ్గుతూ పోతుంది. కాబట్టి తిరుగు ప్రయాణంలో కూడా సూట్ ఉండాలి.

ఇంకో మాట. లైఫ్‌పాడ్‌లో రేడియో రిపేర్ చేసి, వచ్చే మెసేజ్‌లన్నీ వినండి. ఓడ లోపల కెప్టెన్ గది తలుపుకి కోడ్ కావాలి, అది మెసేజ్‌లో వస్తుంది. ఆ గదిలో దొరికేది ఆట పూర్తి చేయడానికి అవసరం. కథ చెడగొట్టడం ఇష్టం లేదు కాబట్టి ఇంతకు మించి చెప్పను.

ఇక లోతు. మీరు అడిగిన వాటిలో మంచి ప్రశ్న ఇదే: "అంత పెద్ద బండి పగిలిపోయే చోట మనిషికి ఏమీ కాదేం?"

నిజమైన సముద్రంలో అలా కుదరదు. ఈ ఆటలో మాత్రం మనిషి ఒంటి మీద నీటి ఒత్తిడి లెక్కే లేదు. ఎంత లోతుకు దిగినా మిమ్మల్ని నలిపెయ్యదు. దానికి బదులు లోతు మీ ఊపిరిని తింటుంది. 100 మీటర్లు దాటాక ఆక్సిజన్ ఖర్చు పెరుగుతుంది, 200 దాటాక ఇంకా పెరుగుతుంది. ఆ రెండు చోట్లా పీడీఏ గొంతు ఆ మాట చెప్తుంది కూడా, కానీ అప్పటికి మనం చుట్టూ ఉన్న వింతలు చూస్తూ ఉంటాం, చెవికి ఎక్కదు. ట్యాంక్ లేకుండా మీకు 45 సెకన్ల ఆక్సిజన్ ఉంటుంది. మామూలు ట్యాంక్‌తో 75, హై కెపాసిటీ ట్యాంక్‌తో 135, అల్ట్రా హై కెపాసిటీతో 225. ఇవి పైపై నీళ్లలో సెకన్లు. 150 మీటర్ల లోతులో రీబ్రీదర్ లేకుండా 135 చూసి "రెండు నిమిషాలకు పైగా ఉంది" అనుకుంటే మోసపోతారు, ఆ అంకె గడియారం కంటే వేగంగా పడిపోతుంది. రీబ్రీదర్ పెట్టుకుంటే ఆ అదనపు ఖర్చు పోతుంది, ఎంత లోతులోనైనా పైన ఉన్నట్టే ఖర్చవుతుంది. ట్యాంక్ పెద్దది చేసుకోవడం కంటే ముందు రీబ్రీదర్ చేసుకోమని అందరూ చెప్పేది అందుకే.

రీబ్రీదర్ లేని రోజుల్లో పనికొచ్చే అలవాటు ఒకటి ఉంది. ఆక్సిజన్ సగానికి వచ్చేలోపే పైకి తిరగండి. 30 సెకన్ల హెచ్చరిక కోసం ఎదురు చూడొద్దు. గుహల్లో ఉంటే ఇంకా ముందే తిరగాలి, ఎందుకంటే అక్కడ "పైకి" అనేది నిటారుగా ఉండదు. వచ్చిన దారి వెతుక్కోవాలి, ఆ వెతుకులాటలోనే చాలామంది పోతారు. సర్వైవల్ మోడ్‌లో చనిపోతే ఆట ముగియదు కానీ, బేస్ నుంచో లైఫ్‌పాడ్ నుంచో బయల్దేరాక సేకరించిన వస్తువుల్లో కొన్ని పోతాయి. హార్డ్‌కోర్‌లో అయితే ఉన్నది ఒకటే ప్రాణం.

బండ్ల లెక్క వేరు. ఒత్తిడి దెబ్బ వాటికి మాత్రమే తగులుతుంది. సీమాత్‌కి మొదట్లో 200 మీటర్ల పరిమితి. డెప్త్ మాడ్యూల్ మార్క్ 1 పెడితే 300, మార్క్ 2 అయితే 500, మార్క్ 3 అయితే 900. ఇవి ఒకదాని మీద ఒకటి కలవవు. మూడు స్లాట్లలో మూడు మాడ్యూళ్లు పెట్టినా అన్నిటికంటే పెద్దదే లెక్కలోకి వస్తుంది, మిగతా స్లాట్లు దండగ. సీమాత్ నడుపుతున్నప్పుడు స్క్రీన్ మీద మీ లోతు, దాని పరిమితి రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. పరిమితి దాటగానే గొంతు హెచ్చరిస్తుంది, తర్వాత కొద్ది సెకన్లకొకసారి దెబ్బ పడుతూ ఉంటుంది. పైకి వస్తే కొత్త దెబ్బలు ఆగుతాయి, పడిన దెబ్బలు మాత్రం వాటంతటవే మానవు. బయటికి దిగి రిపేర్ టూల్‌తో సరిచేసుకోవాలి. బేస్‌లో బండ్లు నిలిపే మూన్‌పూల్‌లో పెడితే ఛార్జ్ అవుతుంది, రిపేర్ కాదు. మూన్‌పూల్‌లో పెట్టాను కదా అని పగిలిన సీమాత్‌తోనే మళ్లీ బయల్దేరేవాళ్లు చాలామంది ఉన్నారు, మీరు అలా చేయకండి.

మీరు అడిగిన ట్రిక్ గురించి, అంటే సీమాత్‌ను 190 మీటర్ల దగ్గర ఆపి అక్కడి నుంచి ఈదుతూ దిగడం గురించి చెప్తాను. అది ట్రిక్ కాదు, ఆట మీ నుంచి ఆశించేదే అది. బండి పరిమితి, మనిషి పరిమితి వేరువేరుగా పెట్టిందే అందుకు. సీమాత్ మీ తలపైన వేలాడే గాలి సంచిలా పనిచేస్తుంది. కిందికి దిగి నాలుగు రాళ్లు ఏరుకుని మళ్లీ పైకొచ్చి లోపల కూర్చుంటే ఆక్సిజన్ నిండుతుంది. లైట్లు వెలుగుతుండగా వదిలితే చీకట్లో తిరిగి దొరుకుతుంది కూడా. మార్క్ 1 మాడ్యూల్ దొరికేవరకు ఈ పద్ధతితో హాయిగా ఆడొచ్చు.

పెద్ద బండ్ల అంకెలు కూడా రాసి పెట్టుకోండి. పెద్ద జలాంతర్గామి సైక్లాప్స్ మొదట 500 మీటర్లు, మాడ్యూళ్లతో 900, 1300, 1700. లోపల కూర్చుని నడిపే రోబో లాంటి ప్రాన్ సూట్ మొదటే 900, తర్వాత 1300, 1700. ఈ అంకెలు ఊరికే పెట్టినవి కావు. ఆటలో కిందికి వెళ్లేకొద్దీ వచ్చే లాస్ట్ రివర్, దాని కింద ఇనాక్టివ్ లావా జోన్, అడుగున లావా లేక్స్, ఈ మెట్ల లోతులు చూస్తే మాడ్యూళ్ల లోతులు వాటికి జతగా ఉన్నాయని తెలుస్తుంది. ఒక మెట్టు మీద దొరికే లోహాలతో తర్వాతి మెట్టుకు కావాల్సిన మాడ్యూల్ తయారవుతుంది. మీ బండి ఒక చోట ఆగిపోయిందంటే, ఆ పైన మీరు ఇంకా చూడని చోటు ఏదో మిగిలి ఉందని అర్థం చేసుకోండి. కిందికి దూకడానికి తొందరపడే బదులు ఆ లోతులోనే అటూ ఇటూ తిరగండి.

బేస్‌లోకి నీళ్లు రావడం కూడా లోతు పనే, కాకపోతే లెక్క కొంచెం వేరు. ప్రతి బేస్‌కి హల్ ఇంటెగ్రిటీ అనే ఒక అంకె ఉంటుంది. గది కడితే తగ్గుతుంది, కిటికీ పెడితే తగ్గుతుంది, గాజు గొట్టాలు పెడితే ఇంకా తగ్గుతుంది. లోతు ఎక్కువయ్యేకొద్దీ ప్రతి ముక్కా తీసుకునేది పెరుగుతుంది. పైన 20 మీటర్ల దగ్గర చక్కగా నిలిచిన డిజైన్‌నే తీసుకెళ్లి కింద కడితే అందుకే కారుతుంది. ఏ ముక్క కట్టినా స్క్రీన్ మీద ఆ అంకె మారడం కనిపిస్తుంది. సున్నా కిందికి పోతే గోడలు చిట్లి నీళ్లొస్తాయి. దానికి మందు రీన్‌ఫోర్స్‌మెంట్. మూడు టైటానియం, ఒక లిథియం పెడితే ఒకటి తయారవుతుంది, గోడకు అంటిస్తే అంకె 7 పెరుగుతుంది. అడుగున ఫౌండేషన్ పెట్టినా కొంచెం పెరుగుతుంది. మీ బేస్ విషయానికొస్తే, ముందు ఒకటి రెండు కిటికీలు తీసేసి చూడండి, లిథియం వెతకడం కంటే అది తేలిక. అంకె మళ్లీ పైకొచ్చాక చిట్లిన చోట్ల రిపేర్ టూల్ పెడితే నీళ్లు తగ్గిపోతాయి. అంకె సరిచేయకుండా చిల్లులు మాత్రమే పూడిస్తే మళ్లీ చిట్లుతూనే ఉంటుంది. బేస్‌కి పవర్ పోతే అందులో ఆక్సిజన్ కూడా నిండదన్న సంగతి గుర్తుంచుకోండి. ఎండ చేరని లోతులో సోలార్ ప్యానెళ్లను నమ్ముకుంటే లోపల ఉండి కూడా ఊపిరాడక చనిపోవచ్చు.

వేడి గురించి. కిందికి వెళ్లేకొద్దీ వేడి నీళ్లుండే చోట్లు వస్తాయి. అడుగున లావా జోన్లలో అయితే నీళ్లే మిమ్మల్ని ఉడికిస్తాయి. మామూలు డైవర్ ఒళ్లు 49 డిగ్రీల సెల్సియస్ వరకు తట్టుకుంటుంది. ఆ పైన దెబ్బ మొదలవుతుంది. రీన్‌ఫోర్స్‌డ్ డైవ్ సూట్ వేసుకుంటే ఆ హద్దు 15 డిగ్రీలు పెరుగుతుంది, దాని గ్లవ్స్ ఇంకో 6 డిగ్రీలు పెంచుతాయి. మొత్తం 70. రేడియేషన్ సూట్‌లో లాగానే ఇక్కడ కూడా గ్లవ్స్ పెట్టుకోవడం మర్చిపోతారు. ఈదుతున్నప్పుడు మీకు ఉష్ణోగ్రత అంకె కనిపించదు, బండిలో కూర్చుంటే కనిపిస్తుంది. కాబట్టి ఎక్కడైనా దిగే ముందు ఆ అంకె చూసి దిగండి. అడుగు లోయల్లో ప్రాన్ సూట్ నుంచి దిగకుండానే పని కానిచ్చేయడం మంచిది. డ్రిల్ చెయ్యి పెట్టుకుంటే దిగాల్సిన అవసరం చాలావరకు ఉండదు కూడా.

వేడిని కేవలం శత్రువుగా చూడొద్దు. 25 డిగ్రీలు దాటిన నీళ్లలో థర్మల్ ప్లాంట్ పెడితే కరెంటు వస్తుంది, ఎంత వేడి ఉంటే అంత ఎక్కువ. ప్రాన్ సూట్‌కీ సైక్లాప్స్‌కీ థర్మల్ రియాక్టర్ మాడ్యూల్ పెడితే, వేడి చోట్లలో తిరుగుతుంటేనే బ్యాటరీ నిండుతుంది. ఆట మొదట్లో మిమ్మల్ని తరిమిన వేడే చివర్లో మీ బండిని నడుపుతుంది. నాకు ఈ ఆట మీద ఇంత ఇష్టం కలగడానికి ఇలాంటి మలుపులే కారణం.

అదే లావా జోన్‌లో లావా లార్వాలు అనే చిన్న పురుగులుంటాయి. అవి మిమ్మల్ని ఏమీ చేయవు. బండికి అతుక్కుని పవర్ తాగుతాయి. హెల్త్ నిండుగా ఉంది, బండికి దెబ్బ లేదు, అయినా పవర్ జారిపోతోందంటే కారణం అవే. నేను మొదట చెప్పిన ప్రశ్న ఇక్కడే ఎక్కువ పనికొస్తుంది. సైక్లాప్స్‌లో షీల్డ్ జనరేటర్ వేస్తే ఊడిపోతాయి. ఆ లోతుకు వెళ్లేటప్పుడు అదనపు పవర్ సెల్స్ పెట్టుకెళ్లండి.

లాస్ట్ రివర్‌లో ఆకుపచ్చగా మెరిసే నీళ్లు బ్రైన్, అంటే చిక్కటి ఉప్పునీళ్లు. నీటి అడుగున ఇంకో నది పారుతున్నట్టు ఉంటుంది, దాని అంచు కళ్లకు స్పష్టంగా కనిపిస్తుంది. అందులోకి దిగితే ఒళ్లు కాలుతుంది, బయటికి వస్తే ఆగుతుంది. దీనికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు, పైనుంచి ఈదితే చాలు. సేఫ్ షాలోస్‌లో గాసోపాడ్‌లు అనే జంతువులు వదిలే గ్యాస్ కూడా అంతే. ఉబ్బిన సంచీలు చుట్టూ రాలగానే దూరం జరగండి, కాసేపట్లో అది పోతుంది.

ఇక మ్యాప్ అంచు. మీరు ఆడుతున్న ప్రదేశం మొత్తం ఒక పెద్ద అగ్నిపర్వతపు బిలం. దాని గట్టు దాటితే నేల ఒక్కసారిగా కనపడకుండా పోతుంది, కింద నల్లగా ఏమీ ఉండదు. పీడీఏ "జీవం లేని ప్రాంతంలోకి వస్తున్నారు" అనే అర్థంలో చెప్తుంది. ఇక్కడ రేడియేషన్ లేదు, వేడి లేదు, అదనంగా తగ్గే మీటరేదీ లేదు. కాసేపటికి కింది నుంచి ఘోస్ట్ లెవియాథన్ వస్తుంది. ఇంకా ఉంటే ఇంకొకటి, మొత్తం మూడు దాకా వస్తాయి. దీనికి సూట్ లేదు, మాడ్యూల్ లేదు. మిగతా జోన్లన్నీ "తయారై రా" అని చెప్తాయి, ఇదొక్కటే "రావద్దు" అని చెప్తుంది. అక్కడ ఏరుకోవడానికి కూడా ఏమీ లేదు. పొరపాటున దాటితే వెనక్కి తిరిగి, గట్టు కనపడేదాకా ఆగకండి. ఒక్కసారి చూడాలనే కోరిక ఉంటే ముందు సేవ్ చేసుకుని, విలువైన బండిని ఇంటి దగ్గర వదిలి వెళ్లండి.

ఫ్రీడమ్ మోడ్‌లో ఆడితే ఇవన్నీ తప్పుతాయా అని ఎవరో కింద అడిగారు. తప్పవు. ఫ్రీడమ్‌లో ఆకలి, దాహం మాత్రమే ఉండవు. క్రియేటివ్‌లో అయితే ఈ బెడదేమీ ఉండదు, కానీ మొదటిసారి ఆడేవాళ్లు దాన్ని ఎంచుకుంటే ఈ ఆటలో సగం రుచి పోతుందని నా అభిప్రాయం.

బిలో జీరో 2021 మే 14న పూర్తిగా విడుదలైంది, ఇది అయ్యాక ఆడండి. అందులో నేల మీద తిరగడం ఎక్కువ, చలి కోసం ప్రత్యేకంగా ఒక మీటర్ ఉంటుంది. బయట మంచులో నిలబడితే అది పడిపోతుంది, మంచు తుఫాను వస్తే ఇంకా వేగంగా పడిపోతుంది. సున్నాకి చేరితే హెల్త్ తగ్గడం మొదలవుతుంది. సబ్‌నాటికా అలవాటుతో వెళ్లినవాళ్లకు అక్కడ ఒకటి తిరగబడి కనిపిస్తుంది: నీళ్లలోకి దూకితే చలి తగ్గుతుంది. నిజ జీవితంలో అలా చేస్తే ప్రాణం పోతుంది, ఆ ఆటలో మాత్రం నీళ్లే మీకు ఇల్లు. నేల మీద దూరం వెళ్లాల్సి వస్తే దారిలో థర్మల్ లిల్లీలు అనే మొక్కలు ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకోండి, వాటి పక్కన నిలబడితే వెచ్చబడతారు. మంచు మీద నడిపే స్నోఫాక్స్ బైక్ మీద కూర్చున్నంతసేపు కూడా చలి తగలదు.

ఇప్పటికి మీరు చేయాల్సింది ఇది. రీబ్రీదర్ తీసి లాకర్‌లో పెట్టండి, హెల్మెట్ పెట్టుకోండి, స్క్రీన్ మీద రేడియేషన్ హెచ్చరిక పోయిందో లేదో చూసుకోండి. రిపేర్ టూల్ బ్యాటరీ నిండుగా ఉండాలి, ఇంకో బ్యాటరీ జేబులో ఉంటే మంచిది. నీళ్లు, తిండి, రెండు మూడు ఫస్ట్ ఎయిడ్ కిట్లు పెట్టుకోండి. ఇన్వెంటరీలో కనీసం సగం ఖాళీగా ఉంచండి, అరోరా లోపల తెచ్చుకోవాల్సినవి చాలా ఉన్నాయి. హెల్మెట్ పెట్టాక కూడా హెచ్చరిక పోకపోతే పీడీఏలో ఆ మూడు స్లాట్ల స్క్రీన్‌షాట్ ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.